మా లాన్‌లో ఈగలకి నేను పెట్టిన పొగ

నెల కిందట ఒక ఆదివారం పొద్దున మా వీధి వీధంతా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు లెండి, కంగారు పడకండి. ఏడిపించింది మాత్రం నేనే. కూర్చోండి, టీ వస్తోంది, మొదట్నించీ చెబుతాను. ఎవరో చెబితే మీరు వినేకంటే నేనే చెప్పేసుకుంటే పరువు కొంచెమన్నా మిగులుతుంది.

నాది నరసరావుపేటలో పురుగుమందుల కొట్టు. ముప్పై ఏళ్ళుగా అదే పని. పత్తికి గులాబీ పురుగు పట్టినా, మిరపకి తామరపురుగు వచ్చినా రైతు ఒక ఆకు తుంచి చొక్కా జేబులో పెట్టుకుని మా కొట్టుకి వస్తాడు. నేను ఆ ఆకు అటూ ఇటూ తిప్పి చూసి, ఏ మందు కొట్టాలో, ట్యాంకుకి ఎంత కలపాలో చెప్పి పంపిస్తాను. పంపిస్తూ ప్రతి ఒక్కరికీ ఒకటే మాట చెబుతాను, "గాలి వాటం చూసుకుని కొట్టు, గాలికి ఎదురు నిలబడమాక" అని. ఇన్నేళ్ళలో ఆ మాట ఎన్ని వేలసార్లు అని ఉంటానో నాకే తెలీదు. దీన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీంతో పనుంది.

ఇక మా ఆవిడ. పేరు రాజ్యలక్ష్మి, నాకు రాజ్యం. మా మేనమామ కూతురే. అందుకని పెళ్ళయి ముప్పై రెండేళ్ళయినా నన్ను బావా అనే పిలుస్తుంది. పోయిన కార్తీకంలో ఆమెకి కుడి మోకాలు ఆపరేషన్ చేసి చిప్ప మార్చారు. ఆరు వారాలు వాకర్ పట్టుకుని, ఆ తర్వాత మెల్లగా వదిలేసి మామూలుగా నడవమన్నారు డాక్టరుగారు. ఆరు వారాలూ అయిపోయాయి, మూడు నెలలూ దాటాయి. వాకర్ మాత్రం అలాగే ఉంది. ఇంట్లో ఎటు కదిలినా టక్కు, టక్కు అని దాని చప్పుడే. నేను నిద్రలో కూడా ఆ చప్పుడుతో ఆమె ఏ గదిలో ఉందో చెప్పగలిగేవాణ్ణి.

ఎక్స్‌రే బాగుంది, కుట్లు మానాయి, కాలు చక్కగా వంగుతోంది. "ఇంకేంటమ్మా, నడవండి" అంటారు డాక్టరుగారు. ఈమె బుద్ధిగా తల ఊపుతుంది. ఇంటికొచ్చాక మళ్ళీ టక్కు, టక్కు. ఒకసారి ఆయన నన్ను పక్కకి పిలిచి, ఇలాగే కూర్చుంటే మోకాలు బిగిసిపోతుందండీ, అప్పుడు నేనే కాదు, ఎవరూ ఏమీ చెయ్యలేరు అన్నారు. గట్టి నేలంటే భయమైతే పచ్చిక మీద ఒట్టికాళ్ళతో నడిపించమని ఆయనే సలహా ఇచ్చారు. ఆ మాట విన్న దగ్గర్నించీ నాకు అన్నం సయించలేదంటే నమ్మండి. వారం తిరక్కుండా లాన్ వేయించా.

మా ఇల్లు వినుకొండ రోడ్డులో కొత్త ప్లాట్లలో ఉంది. వరండా ముందు కొంచెం ఖాళీ జాగా ఉంటే, ఆ నల్లరేగడి మీద రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి తోలించి, నర్సరీ నించి గడ్డి పలకలు తెప్పించి పరిపించా. రెండు పూటలా నేనే నీళ్ళు పట్టా. కొట్లో ఎరువుల గురించి పది మందికి చెప్పేవాణ్ణి, నా గడ్డికి నేను పెట్టుకోనా. బ్రహ్మాండంగా పట్టింది. మధ్యలో ఒక మంచమంత మేర మాత్రం ఎందుకో పట్టక, ఎర్రమట్టి బోడిగా మిగిలిపోయింది.

మొదటి నాలుగు రోజులూ రాజ్యం మెట్లు దిగి, వాకర్ పట్టుకునే, గడ్డి అంచున అటు నాలుగడుగులూ ఇటు నాలుగడుగులూ వేసింది. బాగుందా అంటే మెత్తగా ఉంది బావా అంది. నాకు ఆ పూట ఏనుగెక్కినట్టుంది. వాకర్ వదలటం ఇంకెంత, పది రోజులు అనుకున్నా.

సరిగ్గా అప్పుడు వచ్చాయండీ ఈగలు.

కోటప్పకొండ తిరునాళ్ళ ఇంకో వారం ఉందనగా ఒకరోజు పొద్దున నీళ్ళు పట్టడానికి వెళితే, ఆ బోడి మట్టిలో పెన్సిలు పట్టేంత బొరియలు కనిపించాయి. ఒక్కో బొరియ పక్కన చిన్న మట్టి కుప్ప. చీమలేమో అనుకున్నా. మూడు బొరియలు మర్నాటికి పదిహేనయ్యాయి. ఆ పై రోజుకి లెక్క పెట్టడం మానేశా. వాటిల్లోంచి జుయ్యిమంటూ ఈగలు బయటికొచ్చి, మోకాలెత్తులో గిరికీలు కొట్టి, మళ్ళీ లోపలికి దూరుతున్నాయి. నల్లటి ఒంటి మీద నీలం చారలు. చూడటానికి తేనెటీగల్లాగే ఉన్నాయి, కానీ తేనెపట్టు నేలలో పెట్టడమేంటని నాకు అనుమానం.

ఎదురింటి నాగమణక్క గోడ మీంచి తొంగి చూసి, అవి కందిరీగలని తేల్చేసింది. వాళ్ళ పుట్టింటి వైపు ఎవరినో కుడితే మొహం కుండంత అయిందట. ఆయన్ని ఆయన భార్యే గుర్తుపట్టలేదట. ఈ కథంతా మా ఆవిడ వరండాలో కూర్చుని వింటూనే ఉంది. మర్నాడు నడవడానికి దిగలేదు. ఆ తర్వాతి రోజూ దిగలేదు. ఎందుకే రావట్లా అనడిగితే లాన్ వైపు గడ్డం ఎత్తి చూపించి, "ఈగలున్నయ్ గదా బావా" అంది. అనేసి వరండా కుర్చీలో కూర్చుంది. ఇక పొద్దునా సాయంత్రం అక్కడే. వాకర్ పక్కన, చూపు లాన్ మీద.

నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు నెలల్నించి బతిమాలుకుంటుంటే ఇప్పటికి నాలుగడుగులు వేసింది మనిషి. ఆ నాలుగూ ఈ ఈగల పాలయ్యాయి. ఆ సాయంత్రం కొట్టు మూసేటప్పుడు ఒక సీసా సంచిలో వేసుకొచ్చా. ఆమె సంచిలోకి చూడకుండానే వాసన పట్టేసింది. ముప్పై రెండేళ్ళుగా నా చొక్కాలు ఉతికిన మనిషి కదా.

"ఆ సీసా గేటు దాటి లోపలికొచ్చిందంటే నేను ఆ గడ్డి మీద కాలు పెట్టేది లేదు. ఒట్టికాళ్ళతో నడవమని డాక్టరంటే, నువ్వు మందు పోస్తానంటావేంది బావా."

నిజమే కదా. ఆ సీసా మీద ఉన్న ఎర్ర గుర్తు చూపించి, పిల్లా జెల్లా తిరిగే చోట కొట్టొద్దని రైతులకి చెప్పేది నేనే. తాలూకా మొత్తం పొలాలకి మందిచ్చినవాణ్ణి, నా గుమ్మం ముందు మంచమంత జాగాకి ఇవ్వలేకపోయా. సీసా తిరిగి కొట్టుకి పోయింది.

సరే, మందు లేకుండా చూద్దామని నీళ్ళతో మొదలుపెట్టా. పైపు తీసుకుని గంటసేపు బొరియల్లోకి వదిలా. ఈగలన్నీ లేచి ప్రహరీ మీద కూర్చుని చోద్యం చూశాయి. లాన్ నారుమడి అయింది. ఎండ రాగానే అవి దిగి, మెత్తబడిన మట్టిని ఇంకా తేలిగ్గా తవ్వుకున్నాయి. నేను వాటికి దుక్కి దున్ని పెట్టినట్టయింది. తర్వాత రోజు బొరియలన్నీ నల్లమట్టి ముద్దలతో మూసేశా. ముద్ద పక్కనే కొత్త బొరియ. ఇదంతా రాజ్యం కుర్చీలోంచి చూస్తూనే ఉంది. ఒకసారి, నా నడుం పట్టేసి లేవలేక మట్టిలో కూలబడితే, వాకర్ కావాలా బావా అనడిగింది.

ఇక కోటయ్య సంగతి. శావల్యాపురం నించి వచ్చే రైతు, పాతికేళ్ళుగా నా దగ్గరే మందులు తీసుకుంటాడు. మా కొట్టు బల్ల మీద కూర్చుని టీ తాగుతూ నా గోడు మొత్తం విన్నాడు. విని, నవ్వకుండా, చానా గంభీరంగా సలహా చెప్పాడు. తాలు కాయల పొగ పెట్టమన్నాడు. తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయలు, కల్లంలో ఏరి పక్కన పడేస్తారు. రంగు పోయినా కారం ఎక్కడికీ పోదు. ఆ పొగకి పుట్టలో పాము కూడా పెట్టే బేడా సర్దుకుంటుందని వాడి మాట. మర్నాడు అర బస్తా తాలు తెచ్చి కొట్లో పడేశాడు కూడా.

నేను ఆలోచించా. ఇది మందు కాదు. రోజూ మనం తినేదే. గడ్డికి పట్టదు, కాళ్ళకి అంటదు. రాజ్యం కాదనడానికి వీల్లేదు. అయినా ఆమెకి చెప్పలేదు. ఈగలన్నీ పోయాక చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపిద్దామని. ఈ వయసులో సర్‌ప్రైజులేంటని మీరు నవ్వొచ్చు. ఆమె ఆ నాలుగడుగులూ మళ్ళీ వేస్తే చూడాలని నాకు అంత ఆశగా ఉంది మరి.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఆమె వంటింట్లో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేను చప్పుడు చెయ్యకుండా బయటికొచ్చా. వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర అడిగి తెచ్చిన బొగ్గులు పాత ఇనప మూకుట్లో రాజేశా. కొట్లో బస్తాల మీద కప్పే టార్పాలిన్ పట్టా ఒకటి తెచ్చి ఉంచా. దాన్ని బోడి మట్టి మీద పరిచి, మధ్యలో ఒక స్టూలు పెట్టి గుడారంలా ఎత్తి, అంచుల మీద ఇటుకలు పెట్టా. మూకుడు స్టూలు కింద. పొగ ఎటూ పోకుండా అంతా బొరియల్లోకే దిగాలని ప్లాను.

దిష్టి తీసేటప్పుడు నిప్పుల్లో ఎన్ని మిరపకాయలు వేస్తారు? మూడు. మరీ ముద్దొచ్చే పిల్లయితే ఐదు. నేను నాలుగు దోసిళ్ళు వేశానండీ. వేసి, పట్టా అంచు దించేసి, తూర్పు పక్కన గొంతుక్కూర్చున్నా.

రెండు నిమిషాలు ఏమీ లేదు. ఐదు నిమిషాలైనా ఏమీ లేదు. పట్టా మాత్రం మెల్లగా ఉబ్బుతోంది. లోపల కాయలు అంటుకున్నాయో లేదో అని నాకు అనుమానం. చూద్దామని పట్టా అంచు ఎత్తి, తలకాయ లోపలికి వంచా.

అదే సమయానికి వినుకొండ వైపు నించి, అంటే పడమర నించి, ఒక గాలి తెర వచ్చింది. వచ్చి పట్టాని అటు వైపు నించి లేపింది. లోపలున్న పొగంతా దారి దొరికింది కదా అని ఇటు నా మొహంలోకి వచ్చింది. గాలికి ఎదురు నిలబడొద్దని ముప్పై ఏళ్ళు చెప్పినవాణ్ణి, నేను నిలబడను కూడా లేదు. గాలికి ఎదురు తలకాయ పెట్టి కూర్చున్నా.

తర్వాత ఏం జరిగిందో కళ్ళతో చూసి చెప్పలేను, ఎందుకంటే కళ్ళు లేవు. రెండు కళ్ళల్లోనూ పచ్చడి నూరినట్టుంది. ఊపిరి తీస్తే దగ్గు, దగ్గితే ఇంకా పొగ. లేవబోయి పట్టాలో కాలు మెలిక పడి మోకాళ్ళ మీద పడ్డా. స్టూలు ఒకవైపు పడింది, మూకుడు ఇంకోవైపు బోర్లాపడింది. పట్టా నా మీదే పడింది. ఇల్లెటో గేటెటో తెలీదు. చేతులు చాపి తడుముతుంటే గడ్డి తప్ప ఏమీ తగల్లేదు. ఆ చేతుల్తోనే కళ్ళు నలుపుకున్నా. తాలు కాయలు దోసిళ్ళతో ఎత్తిపోసిన చేతులని అప్పుడు గుర్తు రాలేదు.

ఈలోగా గాలి తన పని తాను చేసుకుంటూ పొగని వీధిలోకి మోసుకుపోయింది. ముందు నాగమణక్క దగ్గు వినిపించింది. ఆ పక్కింట్లో ఇంకెవరో. తర్వాత ఆ చివర్నించి ఈ చివరదాకా వీధంతా తుమ్ములు, దగ్గులు, దబదబా కిటికీలు మూసుకుంటున్న చప్పుళ్ళు. కుక్క కూడా తుమ్మింది. కుక్క తుమ్మగా నేను వినడం అదే మొదటిసారి. బస్తాడు కాయలతో దిష్టి ఎవరు తీస్తున్నారర్రా అని నాగమణక్క దగ్గు మధ్యలో అరుస్తోంది. మాట రాక నేను అరిచింది మాత్రం ఒక్కటే.

"రాజ్యం, చచ్చానే."

అన్నాక నాకే భయమేసింది. ఆమె కంగారు పడి మెట్లు దిగబోతే ఏమవుతుందో అని. రావద్దని చెబుదామంటే దగ్గు ఆగలేదు. చెవులు రిక్కించుకుని టక్కు, టక్కు అన్న చప్పుడు కోసం విన్నా. వినిపించలేదు. హమ్మయ్య, లోపలే ఉండిపోయిందనుకున్నా.

ఇంతలో నా జబ్బ ఎవరో పట్టుకున్నారు. పట్టా లాగి అవతల పారేశారు. గట్టిగా లేపి నిలబెట్టారు. చిక్కుడుకాయల పచ్చి వాసన వేసే చేతులు.

చీర కొంగు నా ముక్కుకి అడ్డం పెట్టి, గాలి వచ్చే వైపుకి నడిపించుకుంటూ తీసుకెళ్ళింది. పంపు తిప్పి, తల వంచమని, దోసిలితో నీళ్ళు మొహాన కొట్టింది. నా చేతులు పట్టుకుని సబ్బుతో ముందు వాటిని రుద్దింది, మళ్ళీ కళ్ళ దగ్గరికి పోనీకుండా. ఆ తర్వాత పైపు పెట్టి కళ్ళు కడిగింది. చాలాసేపు కడిగింది. నేను చిన్నపిల్లాడిలా ఏడుస్తూ నిలబడ్డా. మిర్చికి కొంత, దేనికో కొంత.

అప్పుడు ఉన్నట్టుండి నీళ్ళు ఆగిపోయాయి. ఆమె చెయ్యి నా భుజాన్ని గట్టిగా పట్టేసింది.

"బావా, వాకర్ వంటింట్లో ఉంది."

"ఏంది?"

"నేనిక్కడున్నా. అది అక్కడుంది. నన్ను పట్టుకో బావా."

"నాకేం కనపడట్లేదే. నువ్వే నన్ను పట్టుకో."

నిజం చెబుతున్నా, ఇద్దరం అలాగే పట్టుకుని నిలబడిపోయాం. ఎవరు ఎవర్ని పట్టుకున్నామో తెలీదు. మెల్లగా ఎడమ కన్ను కొంచెం తెరిస్తే, మసక మసగ్గా, ఆమె తడి పాదాలు కనపడ్డాయి. చెప్పుల్లేవు. వంటింట్లోంచి వరండాకి, వరండా నించి మూడు మెట్లు దిగి, తడి గడ్డి మీద పట్టా దాకా, మళ్ళీ అక్కణ్ణించి నన్ను మోసుకుంటూ పంపు దాకా. ఒంటరిగా నాలుగడుగులు వెయ్యని మనిషి అంతదూరం నడిచింది, అదీ డెబ్బై అయిదు కిలోల మొగుణ్ణి ఒక చేత్తో లాక్కుంటూ.

వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాం. ఆమెకి ఆయాసం, నాకు దగ్గు. నీకు ఈగలంటే అంత భయం కదే, వాటి మధ్యలోంచి ఎట్లా వచ్చావు అనడిగా. ఆమె నా వైపు వింతగా చూసింది.

"ఈగలంటే భయమని నేనెప్పుడన్నా బావా?"

అనలేదండీ. గుర్తు చేసుకుంటే నిజంగానే అనలేదు. ఈగలున్నాయి అంది, అంతే. మిగతాదంతా నేనే కలుపుకున్నా, కొలత చూసుకోకుండా. మరి ఎందుకు దిగలేదే అనడిగా. కొంగు పిండుకుంటూ చెప్పుకొచ్చింది. ఆపరేషనయిన మూడోరోజు, నేను మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్ళినప్పుడు, ఆసుపత్రి బాత్రూంలో కాలు జారిందట. గోడ పట్టుకుని ఆగింది కాబట్టి సరిపోయింది. పడి ఉంటే చేసినదంతా మళ్ళీ మొదటికొచ్చేది. నేను కంగారు పడతానని చెప్పలేదు. అప్పట్నించీ వాకర్ వదిలితే కాలు కింద నేల ఉండదేమో అనిపిస్తోందట.

"నడవనని చెప్పటానికి నాకొక వంక కావాల. అవి వచ్చినయ్. నడవకపోతే నువ్వు నన్ను తిట్టకుండా వాటిని తిడతన్నావు గదా, బాగుందిలే అనుకున్నా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఏడుపు ఎలాగూ వస్తూనే ఉంది కాబట్టి నవ్వా. నాలుగు నెలలు ఒకే ఇంట్లో ఉండి, ఆ చప్పుడుతో ఆమె ఏ గదిలో ఉందో చెప్పగలిగానే గానీ, ఎందుకు భయపడుతోందో ఒక్కసారీ నిదానంగా కూర్చుని అడగలేదు. మందు ఏం వెయ్యాలా అని చూశానే తప్ప ఆకు తిప్పి చూడలేదు. సిగ్గేసింది. ఆ మాట ఆమెతో అన్నా కూడా. పోనీలే బావా, కళ్ళు ఆర్పు, నలపమాక అంది.

అప్పటికి నాగమణక్క, ఇంకో ముగ్గురు, ముక్కులకి కొంగులూ తువ్వాళ్ళూ అడ్డం పెట్టుకుని గేటు దగ్గరికొచ్చారు. తిడతారనుకుని తల దించుకున్నా. నాగమణక్క మాత్రం, ఎర్రబడ్డ కళ్ళు తుడుచుకుంటూ, ఇంత ఘాటొచ్చిందంటే మీ ఇంటికి దిష్టి ఆవగింజంత కూడా లేదని పెద్ద తీర్పు చెప్పింది. దిష్టి ఉంటే మిరపకాయలు ఎన్ని కాల్చినా ఘాటు రాదని మన నమ్మకం కదా. ఆ లెక్కన మా వీధిలో ఎవరికీ ఈ ఏడాదంతా దిష్టి లేదు. అందరూ దగ్గుతూనే ఆ మాట ఒప్పుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక లాన్ వైపు చూశా. పట్టా ఒక మూలన, మూకుడు ఒక మూలన, గడ్డి మీద నల్లటి మచ్చ. మధ్యలో ఆ ఎర్రమట్టి మీద ఈగలు. వస్తున్నాయి, పోతున్నాయి. ఒక్కటి కూడా తుమ్మినట్టు లేదు. పొగ పైకి పోతుందిగా, నేల కిందికి దిగదుగా అన్నది రాజ్యం. ముప్పై ఏళ్ళు పురుగుల మీద బతికినవాడికి ఆ సంగతి తట్టలేదు.

ఆమెకి చాలా సంగతులు తెలుసు. కుర్చీలో కూర్చుని రోజంతా చూసింది మరి. ఒక్కో బొరియలో ఒక్కటే ఉంటుందట. తేనెపట్టులా గుంపు కాపురం కాదు. ఎవరిల్లు వాళ్ళే తవ్వుకుంటాయి. వెనక కాళ్ళకి పసుపు పూసుకున్నట్టు పుప్పొడి అంటించుకుని వచ్చి లోపల దాచుకుంటాయి. పిల్లల కోసం కామోసు అంది. మా పెరట్లో వంగ చెట్లకి పూత నిలవక రాలిపోయేది, ఈ పది రోజుల్నించీ పిందెలు పడుతున్నాయని కూడా ఆమే చూపించింది. ఈ ఈగ పువ్వుని పట్టుకుని జుయ్యిమని ఊపుతుందట. నేను నీళ్ళు పోసినప్పుడూ, ముద్దలు కొట్టినప్పుడూ వాటి మీద జాలిపడి లోలోపల తిట్టుకుందట, నన్నే.

ఆ సాయంత్రం ఆరింటప్పుడు, బావా రా ఒకటి చూపిస్తా అంది. వాకర్ దగ్గరికి వెళ్ళబోయి ఆగి, నా భుజం పట్టుకుంది. గడ్డి మీద మెల్లగా, బోడి మట్టి పక్కనించి చుట్టూ తిరిగి, ప్రహరీ దాకా నడిచాం. అక్కడ కోయకుండా వదిలేసిన గరిక కాడ ఒకటి పొడుగ్గా ఉంది. దానికి ఐదారు ఈగలు వరసగా, నోటితో కాడని కరిచి పట్టుకుని వేలాడుతూ నిద్రపోతున్నాయి. కాళ్ళు ముడుచుకుని, నీలం చారలు ఆ వెలుగులో మెరుస్తూ. అంత చక్కటి దృశ్యం నా ఇంట్లోనే ఉందని నాకు తెలీదు.

ఇవి ఇంట్లోకి పోవేంటి, ఇక్కడ పడుకున్నాయేంటి అనడిగా.

"వీటికి బొరియల్లేవు బావా. పొద్దున్నే లేవటం, ఊరంతా తిరగటం, సాయంత్రానికి ఇక్కడికొచ్చి పడటం. మగోళ్ళయ్యుంటారు."

మర్నాటి నించీ ఆమె దిగుతోంది. మొదట నా భుజం పట్టుకుని, తర్వాత నా చిటికెన వేలు పట్టుకుని, ఇప్పుడు ఏమీ పట్టుకోకుండా. బొరియలు తొక్కకుండా బోడి మట్టి చుట్టూ తిరుగుతుంది. ఈగలు ఆమె పాదాల చుట్టూ తిరుగుతాయి. ఇంతవరకూ ఒక్కటీ కుట్టలేదు. పోయిన వారం డాక్టరుగారు కాలు వంచి చూసి చాలా సంతోషించి, ఏం చేశారమ్మా ఇంత మార్పు అనడిగితే, నా వైపు చూసి నవ్వి ఊరుకుంది. నా పరువు కాపాడింది. వాకర్ ఇప్పుడు పెరట్లో ఉంది, తడి తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి భలే వీలుగా ఉంది. ఈగలు కూడా ఈమధ్య తగ్గాయి. బొరియలు ఒక్కొక్కటీ మూసుకుపోతున్నాయి. మళ్ళీ ఏడాది వస్తాయా బావా అని ఆమె రోజుకొకసారి అడుగుతోంది. వస్తాయిలే అంటున్నా. ఆ మంచమంత మట్టి అలాగే ఉంచేశా, గడ్డి వెయ్యలేదు.

కొట్లో మాత్రం నా బతుకు బతుకు కాదు. మొన్న ఒక కొత్త రైతుకి మందిచ్చి, అలవాటు ప్రకారం గాలి వాటం అని మొదలుపెట్టానో లేదో, బల్ల మీద కూర్చున్నవాళ్ళందరూ టీ గ్లాసులు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వారు. కోటయ్య అయితే సూటిగా అడిగేశాడు, నేనిచ్చిన అర బస్తా తాలుకి ఇంతకీ ఎన్ని పురుగులు రాలినయ్ అని.

అబద్ధం ఎందుకు చెప్పాలి? ఒక్కటే రాలిందిరా అన్నా. డెబ్బై అయిదు కిలోలది. దాన్ని కూడా మా రాజ్యం చావనివ్వలా, చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ తీసుకుపోయి పంపు దగ్గర కడిగింది.